కదలని కుర్చీలు

మచిలీపట్నం
ఫిబ్రవరి 11, 2024

ప్రియమైన రిజ్వానా వదినకు,

నువ్వు నవ్వుతావని తెలిసే రాస్తున్నాను. నిన్న మా ఇంట్లో సైకిల్ పండగ కమిటీ కూర్చుంది. జూలైలో జరిగేదానికి ఫిబ్రవరిలోనే మీటింగ్! ఇరవై ఐదో ఏడు కదా. మా మావయ్య దైవాధీనం గారు పొద్దున్నుంచీ హాల్లో కుర్చీలు సర్దుతూనే ఉన్నారు. ఎనభై దాటినా, కొడుకు పేరు మీద జరిగే ఆ రెండు రోజుల మాటెత్తితే చాలు, ఆయన నడుము నిటారుగా అయిపోతుంది.

ఛైర్మన్ పూర్ణచంద్రరావు గారు ఉపన్యాసం అప్పుడే తయారు చేసుకుని వచ్చారు. అందరి ముందూ చదివి వినిపించారు. "జిల్లా సైకిల్ పందేల్లో ఒకరి వెనక ఒకరు దూసుకెళ్లిన ఇద్దరు మిత్రులు, బందరు బిడ్డ శామ్యూల్ రాజ్, గుడివాడ బిడ్డ యాసిన్, ఒకేసారి సైన్యంలో చేరి, ఒకే నెలలో కార్గిల్ కొండల్లో ప్రాణాలర్పించారు. వారిని తలుచుకుంటూ శనివారం గుడివాడ నుంచి మచిలీపట్నం వరకు, ఆదివారం మచిలీపట్నం నుంచి దివిసీమలోని అవనిగడ్డ వరకు మన యువత సైకిల్ తొక్కుతుంది..." ఇంతవరకూ బాగానే ఉంది. చివర్లో మన దగ్గరికి వచ్చారు. "వారి జ్ఞాపకాలను గుండెల్లో దాచుకుని, తెల్లచీరల్లో తపస్సు చేస్తున్న ఇద్దరు వీరపత్నులు!"

తపస్సట వదినా. నేనప్పుడు వంటింట్లో కమిటీ మొత్తానికీ ఉప్మా కలుపుతున్నాను.

ఇన్నేళ్లూ స్టేజీ మీద మనిద్దరికీ రెండు కుర్చీలు వేస్తే సరిపోయింది. ఈసారి అది చాలదట. పైకప్పు లేని జీపు తెచ్చి, అందులో రెండు ఎత్తు కుర్చీలు బిగించి, రెండు రోజులూ సైకిళ్ల ముందు మనల్ని తిప్పుతారట. "వాన పడితేనండీ?" అని అడిగాను. "గొడుగు పట్టిస్తామమ్మా. మీరు కదలకుండా కూర్చుంటే చాలు" అన్నారు. మావయ్య నా వైపు ఎంత గర్వంగా చూశారంటే, ఇంక కాదనడానికి నోరు రాలేదు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావేమో. మీ ఇంట్లో ఫోన్ మోగితే ముందు మీ అన్నయ్య గౌస్ భాయ్ "ఎవరూ?" అంటాడు. మా ఇంట్లో మావయ్య చెవుడు వల్ల స్పీకర్ పెట్టక తప్పదు. వాళ్లిద్దరూ బార్డర్‌లో ఉన్నప్పుడు మనం రాసుకున్న ఉత్తరాలే నయం. నీ కాలేజీకే పంపిస్తున్నాను. నువ్వు కలెక్టరేట్‌కి రాయి.

నీతో ఇంకో మాట చెప్పాలి. ఈ ఉత్తరంలో కాదులే.

నీ
హెప్సిబా


గుడ్లవల్లేరు
మార్చి 19

హెప్సిబా వదినకు సలాములు.

నీ ఉత్తరం ప్రిన్సిపాల్ గారి టపాలో కలిసిపోయి ఆలస్యంగా చేరింది. రోజాలు మొదలయ్యాయి. ల్యాబ్‌లో గాజు సామాను కడుగుతుంటే ఆ నీళ్ల చప్పుడుకే దాహం వేస్తోంది. సాయంత్రం గుడివాడ బస్సులో సీటు దొరకదు. ఇల్లు చేరేసరికి ఉపవాసం విడిచే వేళ అవుతుంది.

జీపు సంగతి నాకు ముందే తెలుసు. గుడివాడ వైపు ఏర్పాట్లన్నీ గౌస్ భాయ్‌కే అప్పగించారు. అన్నయ్య ఆనందం చూడాలి! తన సైకిల్ షాపుకి మా ఆయన పేరే కదా పెట్టుకున్నాడు. బోర్డు మీద బొమ్మ వెలిసిపోతే మళ్లీ రంగులు వేయిస్తాడు. ఆ బొమ్మ కింద నిలబడి, వచ్చిన వాళ్లతో "మా చెల్లెల్ని చూడండి, ఇన్నేళ్లలో ఇంకో మాట తలవలేదు" అంటాడు. నేను లోపలినుంచి టీ తెస్తూ వింటాను. మెచ్చుకుంటున్నాడని తెలుసు వదినా. కానీ ఆ మాట విన్నప్పుడల్లా బయటినుంచి ఎవరో గడియ వేసినట్టు అనిపిస్తుంది.

పెద్ద మాట రాసేశాను. కడుపు ఖాళీగా ఉండటం వల్ల అనుకో.

నువ్వు దాచిన మాటేంటి? ఒంట్లో బాగానే ఉందా? కొంపదీసి ఎవరైనా నచ్చారా? నవ్వుతావని రాశాను. అదే నిజమైతే మాత్రం నాకు చెప్పకు.

రిజ్వానా


మచిలీపట్నం
ఏప్రిల్ 14

వదినా,

చెప్పకు అన్నావు. చెప్పకుండా ఉండలేను.

ఆయన పేరు శ్యాంబాబు. మత్స్యశాఖలో పని. ఊరు కృత్తివెన్ను. ఆ వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు చూసి, రిపోర్టులు తెచ్చి మా సెక్షన్‌లో ఇస్తుంటారు. భార్య పోయి చాలా కాలమైంది. కూతురు పెళ్లయి భీమవరంలో ఉంటుంది. అందగాడేం కాదు. ఎప్పుడు చూసినా ప్యాంటు అంచుకి చెరువు బురద ఉంటుంది.

ఒకరోజు మధ్యాహ్నం అడిగారు. "మీరు అన్నం తినేటప్పుడు గోడవైపు తిరిగి కూర్చుంటారెందుకండీ?"

"అమరవీరుడి భార్య చికెన్ పచ్చడి నాకుతుంటే చూసేవాళ్లకి బావుండదండీ" అన్నాను. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. కుర్చీ తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుని, తన క్యారేజీ విప్పి, "నాకూ కొంచెం వేయండి" అన్నారు. వదినా, ఆ సెక్షన్‌లో ఇన్నేళ్లలో నన్ను ఎవరూ పచ్చడి అడగలేదు. నాకు ఉద్యోగం శామ్యూల్ పేరు మీదే వచ్చింది కదా. నేను నడిచొస్తుంటే అందరూ మాటలు తగ్గించేస్తారు.

ఈస్టర్ వెళ్లాక సూటిగా అడిగేశారు. "హెప్సిబా గారూ, నన్ను పెళ్లి చేసుకుంటారా? కాదంటే మళ్లీ అడగను. రిపోర్టులు మాత్రం మామూలుగానే తెస్తాను."

నలభై ఆరేళ్ల దాన్ని, చెంపలు వేడెక్కిపోయాయి. ఆలోచించుకోవాలి అన్నాను. శామ్యూల్‌తో నా కాపురం ఏడాదే. అందులోనూ ఆయన ఇంట్లో ఉన్నది రెండు సెలవులు. ఆయన్ని మరిచిపోలేదు. కానీ ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆయన మొహం రావడం లేదు, బ్యానర్ మీది ఫొటోయే వస్తోంది. అది ఎవరికి చెప్పుకోను?

జూలైలో అవనిగడ్డ స్టేజీ మీద నేనే మైకు తీసుకుని, ఇది నేను కూర్చునే ఆఖరి ఏడు అని చెప్పేద్దామనుకుంటున్నాను. మావయ్యకి ముందే చెప్పాలి, అదే భయం. నువ్వు పక్కన ఉంటే చాలు, ధైర్యం వస్తుంది.

నీ
హెప్సిబా


గుడ్లవల్లేరు
ఏప్రిల్ 29

హెప్సిబాకు,

ఉత్తరం అందింది.

నువ్వు మైకు తీసుకుని చెబుతావు. జనం పొగుడుతారో తిడతారో, నువ్వైతే కృత్తివెన్ను వెళ్లిపోతావు. ఆ తర్వాతి ఏడు సంగతి ఆలోచించావా? జీపులో నేనొక్కదాన్నే ఉంటాను. "ఆవిడ వెళ్లిపోయింది, ఈవిడ నిలబడింది, ఇదీ నిజమైన ఇల్లాలు అంటే" అని పూర్ణచంద్రరావు గారు నన్ను చూపిస్తారు. గౌస్ భాయ్ ఆ మాట షాపు బోర్డు మీద రాయిస్తాడు. నువ్వు తలుపు తీసుకుని వెళ్తూ, అదే తలుపు నా మీద వేసి వెళ్తావు. ఆ మాత్రం నీకు తట్టలేదు.

నన్ను పక్కన ఉండమని అడగకు. కొన్నాళ్లు రాయకు కూడా.

ఎండలు బాగా ముదిరాయి. మావయ్య గారిని జాగ్రత్తగా చూసుకో.

రిజ్వానా


మచిలీపట్నం
జూన్ 16

వదినా,

రాయకు అన్నావని ఆగాను. ఇది చదవకుండా పారేసినా సరే, రాస్తున్నాను.

పండక్కని కమిటీ చేయించిన ఇద్దరి విగ్రహాలూ వచ్చాయి. మా వరండాలో గోనెపట్టా కప్పి పెట్టారు. యాసిన్ అన్నయ్యది పోలిక బాగా కుదిరింది. శామ్యూల్‌కి మాత్రం ఇంత లావు మీసం పెట్టారు. "మావయ్యా, ఆయనకి మీసం లేదు కదా" అన్నాను. "సైనికుడంటే మీసం ఉండాలన్నారమ్మా కమిటీ వాళ్లు" అని, ఆ మీసాన్ని వేలితో తుడుస్తూ నిలబడ్డారు. లేని మీసం మీద దుమ్ము తుడుస్తున్న ఆ మనిషిని చూస్తే నా గుండె చెరువైపోయింది. అయినా అప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడూ అడగలేనని మొదలుపెట్టాను.

"మావయ్యా, నేను ఈ ఇంట్లో లేకపోతే..."

"లేకపోవడమేంటమ్మా? మీ అత్తయ్య రాజకుమారి పోయాక వాడి గురించి నేను మాట్లాడేది నీతోనే. నువ్వూ లేకపోతే వాడు ఇంకోసారి పోతాడు" అన్నారు. అని, కాఫీ పెట్టమన్నారు.

బెదిరించి ఉంటే ఎదురు చెప్పేదాన్నేమో. కళ్లనీళ్లు పెట్టుకున్నా ఏదో ఒకటి అనేదాన్ని. కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అన్నారు. నేను లోపలికి వెళ్లి కాఫీ పెట్టాను.

సోమవారం శ్యాంబాబు గారికి కాదని చెప్పాను. "సరేనండీ" అన్నారు. రిపోర్టు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. గొడుగు మర్చిపోయి మళ్లీ వెనక్కి వచ్చారు గానీ నా వైపు చూడలేదు. అప్పటినుంచీ వేరే మనిషితో రిపోర్టులు పంపిస్తున్నారు.

కాబట్టి నువ్వు కంగారుపడకు. జీపులో నీ పక్కనే ఉంటాను. ఇక ముందు కూడా.

హెప్సిబా


గుడ్లవల్లేరు
జూలై 7

హెప్సిబా వదినా,

నువ్వు కాదని చెప్పావని చదివాక నాకు అన్నం సయించడం లేదు. కోరుకున్నదే జరిగింది కదా, మనసు తేలికవ్వాలి. కాలేదు.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. పదేళ్ల కిందట మా కాలేజీ బస్సు నడిపే ఆయన, మా వాళ్లే, నన్ను చేసుకుంటానని కబురు పెట్టాడు. అప్పటికి మా అత్తగారు ఖైరున్ బీ బతికే ఉంది. గౌస్ భాయ్ చెవిన పడకుండా నన్ను పక్కకి పిలిచి, "వెళ్లు బేటీ, నా కొడుకు కోసం ఏడ్చింది చాలు" అంది. కన్నతల్లే వెళ్లమంది వదినా. ఎవరూ ఆపలేదు. నేనే వెళ్లలేదు.

ఎందుకో తెలుసా? జూలైలో నీ పక్క కుర్చీ ఖాళీగా ఉంటుందని. అంతమంది ముందు నువ్వొక్కదానివీ ఎలా కూర్చుంటావని. నీకు చెబితే వెళ్లమంటావని చెప్పలేదు కూడా. అందుకే నీ ఏప్రిల్ ఉత్తరం చూసి అంత మండింది. నేను నీ కోసం ఆగాను, నువ్వు నా కోసం ఆగడం లేదని.

ఇప్పుడు నువ్వూ ఆగావు. ఒకరి కాళ్లకి ఒకరం కట్టుకున్న తాడు అయిపోయాం మనం.

ఆయన ఇప్పుడు పెళ్లాం పిల్లలతో బావున్నాడు. గేటు దగ్గర కనిపిస్తే సలాం అంటాడు. అంతకంటే బాధేం లేదు. నీకు మాత్రం అలా కాకూడదు. శ్యాంబాబు గారికి మళ్లీ కబురు పెట్టు. బతిమాలుతున్నాను.

నీ
రిజ్వానా


మచిలీపట్నం
జూలై 18

వదినా,

నీ ఉత్తరం తలగడ కింద పెట్టుకున్నాను. ఆ బస్సు ఆయన సంగతి నాకు చెప్పి ఉంటే మెడ పట్టుకుని పంపించేదాన్ని. నీకది తెలుసు, అందుకే చెప్పలేదు.

కబురు పెట్టను. నీ తాడు నువ్వు విప్పేశావు. మావయ్యది అలాగే ఉంది. అది తెంచితే ఆయన పడిపోతారు. మైకులో చెబుతానన్న మాట కూడా మర్చిపో.

ఈ ఏటి తెల్లచీరలు వచ్చాయి. నీది గౌస్ భాయ్ చేతికిచ్చి పంపారట. శనివారం పొద్దున గుడివాడలో జీపు దగ్గర కలుద్దాం. వచ్చి కూర్చుందాం.

హెప్సిబా


గుడ్లవల్లేరు
జూలై 30

వదినా,

మావయ్య గారికి ఎలా ఉంది? శనివారం బందరు చేరాక ఆయన జీపు ముందు సీట్లోంచి దిగుతూ దిగుతూ తూలి పడిపోవడం నా కళ్లముందే ఆడుతోంది. ఎండకి నీరసమే, గుండెకేం కాలేదని మీ వాళ్లు చెప్పారు. నువ్వు ఆసుపత్రిలో ఆయన దగ్గరే ఉండిపోయి ఆదివారం రాలేకపోయావు. ఆదివారం సంగతి ఎవరెవరు ఎలా చెప్పారో తెలీదు. నేను చెప్పేది నమ్ము.

పొద్దున జీపులో నేనొక్కదాన్నే ఎక్కాను. నీ కుర్చీ బోల్టులతో బిగించేశారు కాబట్టి తీయడం కుదరలేదు. ఖాళీగా ఉంటే బావుండదని దాని మీద పూలదండ వేశారు. ఇన్నేళ్లూ దేనికి భయపడ్డానో అదే జరిగింది.

సన్నగా వాన. చల్లపల్లి దాటాక ఊడుపుల్లో ఉన్న ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. "ఎవరే అది, బొమ్మా మనిషా?" అని ఒకావిడ అడిగింది. "బొమ్మేలే" అంది ఇంకొకావిడ. గొడుగు పట్టుకున్నతను నవ్వాపుకున్నాడు. నేను కళ్లు కూడా ఆర్పలేదు వదినా. అలవాటైపోయింది.

పులిగడ్డ అక్విడక్టు వంతెన మీద కుర్రాళ్లని ముందుకు వదిలారు. ఒక్కసారిగా సైకిళ్లన్నీ జీపుకి అటూ ఇటూ దూసుకుపోయాయి. కేకలు, గంటలు, తడి రోడ్డు మీద చక్రాల చప్పుడు. మన వయసావిడే ఒకామె, విజయవాడ నుంచి వచ్చిందట, నిండా తడిసిపోయి, రొప్పుతూ, నవ్వుతూ నన్ను దాటి వెళ్లింది. నేను మెడ తిప్పి చూడబోయాను. "కదలకండమ్మా, చీర తడుస్తుంది" అన్నాడు గొడుగతను.

అవనిగడ్డ స్టేజీ మీద ప్రతి ఏడూ మనిద్దరి తరఫునా నువ్వే రెండు ముక్కలు మాట్లాడతావు. నువ్వు లేవు కాబట్టి ఛైర్మన్ గారు మైకు నా చేతికిచ్చారు. నాకు మాటలు రావని ఆయన ధీమా.

నేను అన్నది ఇదే. "మా ఆయనా, శామ్యూల్ అన్నయ్యా సైకిల్ తొక్కినవాళ్లు. ఒకచోట నిలబడేవాళ్లు కాదు. వాళ్ల పేరు చెప్పి మీరందరూ ఇంత దూరం తొక్కుకుంటూ వచ్చారు. మీకు దణ్ణం. ఈ పండగలో ఇరవై ఐదేళ్లుగా కదలకుండా కూర్చున్నది మేమిద్దరమే. మమ్మల్ని లేవనివ్వండి. వచ్చే ఏడు మాకు కుర్చీలు వేయకండి."

వెంటనే పూర్ణచంద్రరావు గారు ఇంకో మైకు అందుకుని, "చూశారా ఆ తల్లి వినయం! కుర్చీ కూడా వద్దంటోంది!" అన్నారు. మైదానమంతా లేచి నిలబడి చప్పట్లు. "వినయం కాదండీ, నిజంగానే అంటున్నాను" అన్నాను. ఇంకా గట్టిగా చప్పట్లు. శాలువా కప్పి, భుజాలు పట్టుకుని మళ్లీ ఆ కుర్చీలోనే కూర్చోబెట్టారు.

అక్కడ అర్థమైంది గౌస్ భాయ్ ఒక్కడికే. స్టేజీ వెనక చెయ్యి పట్టుకుని, "ఏం మాటలవి? నేను మొహం ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు. నేను చెయ్యి విడిపించుకుని బస్టాండుకి నడిచాను. శాలువా బస్సులో పక్కన కూర్చున్న ముసలావిడ వణుకుతుంటే ఇచ్చేశాను.

నీ సంగతి ఒక్క మాట కూడా అనలేదు. అది నువ్వు చెప్పుకోవలసింది. ఇంట్లో భాయ్ నాతో మాట్లాడటం లేదు. ఇన్నేళ్లకి నోరు తెరిచాను వదినా. ఏమీ కదల్లేదు.

నీ
రిజ్వానా


మచిలీపట్నం
ఆగస్టు 11

వదినా,

కదిలింది. విను.

ఆదివారం వార్డులో పక్క మంచం కుర్రాడు సెల్లులో అవనిగడ్డ లైవ్ పెట్టాడు. మావయ్య ఆ సెల్లు అడిగి తీసుకుని చెవికి ఆనించుకున్నారు. నీ మాటలు అక్షరం పోకుండా విన్నారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. చప్పట్లు మొదలయ్యాక సెల్లు దించి, "ఆ పిల్ల వద్దని మొత్తుకుంటుంటే వీళ్లు చప్పట్లు కొడతారేంటమ్మా?" అన్నారు.

నేను సెల్లు అందుకుని ఆ కుర్రాడికి ఇచ్చేశాను.

"నీకూ అంతేనా?"

"అంతే మావయ్యా."

"ఎప్పటినుంచి?"

"మొదటి ఏడు నుంచీ."

గోడవైపు తిరిగి పడుకున్నారు. సాయంత్రం పాలు ఇస్తే వద్దని చెయ్యి ఊపారు. ఈ ముసలాయన్ని నా చేతులతో చంపుకున్నాననే అనుకున్నాను. మర్నాడు డిశ్చార్జి చేశారు. ఆటోలో ఇంటికి వస్తుంటే, నా వైపు చూడకుండానే, "విగ్రహాలు వచ్చిన రోజు నువ్వేదో అడగబోయావు. నేను అడగనివ్వలేదు. ఇప్పుడు అడుగు" అన్నారు.

చెప్పేశాను. శ్యాంబాబు గారి పేరు, ఊరు, ఉద్యోగం, అన్నీ. ఇల్లు వచ్చేదాకా విన్నారు. గేటు దగ్గర ఆగి, "నేను పెళ్లికి రానమ్మా. రాలేను. ఆపను కూడా. నన్ను దీవించమని మాత్రం అడక్కు" అన్నారు.

నిన్న సెలవు పెట్టి కృత్తివెన్ను బస్సెక్కాను. ఆయన ఒక చెరువు గట్టు మీద నిలబడి, వల లాగే వాళ్లకి ఏదో చెబుతున్నారు. నన్ను చూసి, "ఏమైంది? రిపోర్టు అందలేదా?" అన్నారు.

"అందిందండీ. మీరు మళ్లీ అడగనన్నారు కదా. అందుకని నేనే అడగడానికి వచ్చాను."

ఆయన అక్కడే, ఆ బురదలోనే, కూలబడిపోయారు వదినా. వల లాగేవాళ్లు ఎండదెబ్బ తగిలిందేమోనని పరిగెత్తుకొచ్చారు.

నవంబరులో, వాళ్ల ఊరి చర్చిలో. నువ్వు రావాలి. ఇంత రాశాక కూడా గెలిచినట్టు లేదు నాకు. మావయ్య కంచంలో సగం అన్నం వదిలేస్తున్నారు. వరండాలోనే ఉండిపోయిన విగ్రహం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఆయన ఉన్నారు.

నీ
హెప్సిబా


గుడ్లవల్లేరు
అక్టోబర్ 6

వదినా,

ఇకమీదట కాలేజీకి రాయకు. వెనక చూడు, కొత్తది రాశాను. కాలేజీ సందులో ఒక గది తీసుకున్నాను. గొడవేం జరగలేదు. రోజూ బస్సు ప్రయాణం కష్టంగా ఉందని గౌస్ భాయ్‌కి చెప్పాను. అది కారణం కాదని ఇద్దరికీ తెలుసు. "వెళ్తే మళ్లీ ఈ గుమ్మం..." అని మొదలుపెట్టి ఆపేశాడు. మా భాభీ మాత్రం బియ్యం మూట ఆటోలో పెట్టించింది.

కమిటీ ఏం తేల్చిందో విన్నావా? మనం రాకపోయినా వచ్చే ఏడు కుర్చీలు ఉంటాయట. వాటిలో మన ఫొటోలు పెడతారట. దండలు కూడా వేస్తారా అని భాయ్‌ని అడిగాను. వేసుకోనీ. ఆ ఫొటోలు కదలకుండా మనకంటే బాగా కూర్చుంటాయి.

ఇక్కడ నేనెవరో ఎవరికీ తెలీదు. మొన్న కొట్లో కందిపప్పు కొంటుంటే, ఆ కొట్టాయన పున్నయ్య గారు, "మీ ఆయన ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు. "పోయారండీ, చిన్న వయసులోనే" అన్నాను. "అయ్యో తల్లీ" అన్నాడు. అంతే. జెండాల్లేవు, మైకుల్లేవు. అయ్యో తల్లీ అని పప్పు పొట్లం కట్టాడు.

గదికి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను వదినా. ఎన్నో ఏళ్ల తర్వాత మా ఆయన కోసం ఏడ్చాను. బోర్డు మీది మనిషి కోసం కాదు. పందెంలో ఓడిపోయి ఇంటికొచ్చి, గెలిచానని నాకు అబద్ధం చెప్పి, నవ్వాపుకోలేక దొరికిపోయే మనిషి కోసం. ఆ మనిషి నాకు మళ్లీ దొరికాడు.

ఒక్కోసారి ఈ నాలుగు గోడలూ మీద పడతాయి. ఒంటరితనం ఇదేనేమో. కానీ గడియ నా చేతిలో ఉంది.

పెళ్లికి వస్తాను. ఆకుపచ్చ చీర కొన్నాను.

నీ
రిజ్వానా


కృత్తివెన్ను
డిసెంబర్ 15

వదినా,

ఆకుపచ్చ చీరలో నిన్ను చూసి మా చర్చి ఫాదర్ గారు పెళ్లికూతురి అక్క అనుకున్నారట. నువ్వు వెళ్లిన దగ్గరనుంచీ ఇక్కడ అందరూ నిన్నే అడుగుతున్నారు.

మావయ్య అన్నట్టే పెళ్లికి రాలేదు. నేను ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక బందరు వెళ్లి వంట చేసి పెట్టి వస్తున్నాను. తలుపు తీస్తారు. కరెంటు గురించి, పనిమనిషి గురించి మాట్లాడతారు. నేనెక్కడ ఉంటున్నానో, ఎవరితో ఉంటున్నానో ఒక్క ముక్క అడగరు. తిరుగు బస్సులో ప్రతిసారీ అనుకునేదాన్ని, బయటికి వచ్చాననుకున్నాను గానీ ఒక కాలు ఇంకా ఆ గుమ్మంలోనే ఇరుక్కుని ఉందని.

మొన్న గురువారం సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం వాకిట్లో ఎవరో దగ్గారు. చూస్తే మావయ్య. ఒక్కరే బస్సులో వచ్చేశారు. చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నారు. "ఎటూ తోచక వచ్చాను" అన్నారు. శ్యాంబాబు గారు అప్పుడే భోజనానికి వచ్చి ఉన్నారు. కాళ్లు కడుక్కోవడం సగంలో ఆపేసి, చేతులు కట్టుకుని నిలబడిపోయారు. నేను ఇద్దరికీ పీటలు వేసి వడ్డించాను. చేపల పులుసు.

ఇద్దరూ తలలు దించుకుని కలుపుకుంటున్నారు. కొంతసేపటికి మావయ్య తలెత్తారు.

"మీకు సైకిల్ తొక్కడం వచ్చా?"

శ్యాంబాబు గారు నా వైపు చూశారు.

"రాదండీ. ఎప్పుడూ నేర్చుకోలేదు. చిన్నప్పటినుంచీ మాకు పడవలే" అన్నారు, తప్పు చేసినవాడిలా.

మావయ్య ఆయన్ని చాలాసేపు చూశారు. ఆ బురద అంటిన ప్యాంటు, ఆ మనిషి, ఆ మొహం, అన్నీ మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"మంచిది. సైకిల్ మా వాడిదే" అన్నారు. తర్వాత కంచం కొంచెం ఆయన వైపు జరిపి, "ఇంకొంచెం పులుసు వెయ్యి నాయనా" అన్నారు.

నీ
హెప్సిబా